ఊపిరి అక్కరలేని సన్నాయి

ఈ రోజుల్లో మా గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళకి వెళితే ఒక్కోచోట సన్నాయి వినిపిస్తుంది గానీ సన్నాయి కనిపించదు. పందిట్లో ఓ మూల, ఇస్త్రీ బల్లంత పొడుగున్న పెట్టె ముందు ఓ కుర్రాడు కూర్చుని ఉంటాడు. అతని వేళ్ళు నల్లమెట్ల మీదా తెల్లమెట్ల మీదా పరుగెడుతుంటాయి. తాళి కట్టే వేళకి సన్నాయీ డోలూ, విందు వేళకి వీణా వేణువూ, అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే. "ఇదేం చోద్యమే, ఊదేవాళ్ళు లేకుండా ఊదడం!" అని పెద్దావిడలు బుగ్గలు నొక్కుకుంటారు. చోద్యమే గానీ దాని వెనక పెద్ద కథే ఉంది. అందులో మన గోదావరి వాళ్ళకీ వాటా ఉంది.

అసలు మెట్లపెట్టె మనకి కొత్తేం కాదు. 1840ల్లో పారిస్‌లో పుట్టిన హార్మోనియం కలకత్తా చేరి, మన నాటకాల్లోకి వచ్చి కూర్చుంది. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తెలుగు నాటకం ఆడించాక, చుట్టుపక్కల నాటక సమాజాలు పుట్టుకొచ్చాయి. పోనుపోను పద్యానికి హార్మోనియం ప్రాణమైపోయింది. వేదిక ముందు హార్మోనిస్టు కాళ్ళతో తిత్తులు తొక్కుతూ శ్రుతి అందిస్తే తప్ప కృష్ణుడికైనా గొంతు లేచేది కాదు. పెళ్ళిచూపులకి పనికొస్తుందని ఆడపిల్లలకి హార్మోనియం నేర్పించిన ఇళ్ళూ ఉన్నాయి.

అటువంటి హార్మోనియాన్ని 1940 మార్చి నుంచి రేడియోవాళ్ళు వెలివేశారు. 1971లో గానీ ఆ పట్టు కొంత సడలలేదు. నేరమేమిటంటారా? మెట్టుకీ మెట్టుకీ మధ్య దానికి దారి లేదు. మన సంగీతానికి ప్రాణం స్వరంలో ఎంత ఉందో, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకంలోనూ అంతే ఉంది. మెట్ల మీద గెంతవచ్చు గానీ జారడం ఎలా? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పనిపడుతుంది.

ఇక కొత్త పెట్టె సంగతి. ఇందులో రెండు జాతులున్నాయి. సింథసైజరనేది విద్యుత్తుతోనే ధ్వనిని పుట్టిస్తుంది. బజార్లో దొరికే మామిడి ఎసెన్సులాంటిదన్నమాట, వాసనే గానీ కాయ లేదు. శాంప్లర్ అలా కాదు. అసలు సన్నాయిని అసలు విద్వాంసుడి చేత ఊదించి, ఆ ధ్వనిని దాచుకుంటుంది. అది ఆవకాయ. కాయ నిజమైనదే, కోసి ఊరబెట్టి జాడీకెత్తారంతే.

ఈ ఊరగాయ ఆలోచన కూడా పాతదే. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే టేపు తిరిగి, దాని మీదున్న వాద్యం పలికేది. ఎనిమిది సెకన్లయ్యేసరికి టేపు అయిపోయేది! 1979లో సిడ్నీ నుంచి వచ్చిన ఫెయిర్‌లైట్ టేపుల్ని వదిలి ధ్వనిని అంకెలుగా మార్చి దాచింది. దాని ఖరీదు పెడితే ఓ ఇల్లు వచ్చేది. 1981లో ఎమ్యులేటర్, 1984లో 1,700 డాలర్ల లోపు ధరకి మిరాజ్, 1986లో జపాన్ నుంచి అకాయ్ ఎస్900 వచ్చాక మామూలు వాద్యకారులకీ అందుబాటులో పడింది.

దాచిన ధ్వనిని వేగంగా తిప్పితే శ్రుతి పెరుగుతుంది. మరీ పెంచితే సన్నాయి కాస్తా కీచురాయి అయిపోతుంది. అందుకని కొన్ని స్వరాలకొకటి చొప్పున విడివిడిగా రికార్డు చేసి మెట్లకి పంచుతారు. ఆ తర్వాత సింథసైజర్‌లో చేసే వంటలన్నీ ఇందులోనూ చేసుకోవచ్చు. ధ్వని మొదలు మెత్తన చేయొచ్చు, పదును వడపోయొచ్చు, చివర సాగదీయొచ్చు. మధ్యలో ఓ చిన్న ముక్కని గాజులా చుట్టి తిప్పితే, మెట్టు మీద వేలున్నంతసేపూ సన్నాయి ఆగదు. ఊదేవాడికి ఊపిరి తీసుకునే పనే లేదు!

ఇంతకీ వాయించే మెట్లు ఒకచోట, ధ్వని దాచిన పెట్టె ఇంకోచోట ఉంటే ఎలాగ? 1983లో వచ్చిన 'మిడి' పద్ధతి ఆ చిక్కు తీర్చింది. ఆ తీగలో పాట ప్రవహించదు, ఆజ్ఞలు మాత్రమే వెళ్తాయి. వీధరుగు మీంచి అత్తగారు వంటింట్లోకి వేసే కేకలాంటిది. "ఫలానాది చెయ్యి, ఇంత ఘాటుగా చెయ్యి, ఇక చాలు దించు!" ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలారు, ఇంతే కబురు. ఆ 'ఎంత గట్టిగా' అన్నది 1 నుంచి 127 దాకా అంకెల్లో చెబుతుంది. కొలతలో మా అత్తగారు కూడా అంత నిక్కచ్చి కాదు లెండి.

సరిగ్గా ఆ 1983లోనే 'ప్రళయ గర్జన' సినిమాతో రాజ్–కోటి అనే జంట సంగీత దర్శకులయ్యారు. కోటి సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. రాజ్ టి.వి.రాజు గారబ్బాయి. ఆ రాజుగారు రాజమండ్రి దగ్గర రఘుదేవపురంలో 1921లో పుట్టారు. తండ్రుల కాలంలో వయొలిన్లు, వేణువు, వీణ, తబలా అందరూ మద్రాసులో ఒకే హాల్లో కూర్చుని వాయిస్తే పాట తయారయ్యేది. కొడుకుల కాలానికి ఆ హాల్లోకి కీబోర్డులు వచ్చాయి. అప్పటికి దిలీప్ అనే పేరున్న ఏ.ఆర్.రెహమాన్ రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. 1992లో 'రోజా' వచ్చాక ఆ కుర్రాడెవరో దేశమంతా తెలిసింది.

ఇందులో లాభపడ్డవాళ్ళున్నారు, నష్టపోయినవాళ్ళూ ఉన్నారు. వరుసలు వరుసలుగా కూర్చున్న వయొలిన్ల వాళ్ళలో చాలామందికి పిలుపులు తగ్గిపోయాయి. శాంప్లర్ కోసం ఒకసారి ఊదిన మనిషి ఊపిరి వెయ్యి పెళ్ళిళ్ళలో పలకచ్చు. ఆ వెయ్యి పెళ్ళిళ్ళ తాంబూలం మాత్రం అతని ఇంటికి చేరదు. ఆవకాయ మెచ్చుకునేటప్పుడు కలిపిన చెయ్యి ఎవరిదని అడుగుతాం కదా, ఇక్కడ అడిగే దిక్కేదీ?

అలాగని యంత్రాన్ని తిట్టిపోయాలా? అప్పటి గమకం ప్రశ్నకి జవాబు పాలకొల్లులో దొరుకుతుంది. 1969లో అక్కడ పుట్టిన శ్రీనివాస్, పొట్టి శబ్దం తప్ప పలకదనుకున్న మాండలిన్‌కి విద్యుత్తు తగిలించి, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాదం నిలిచింది, గమకం పలికింది, కచేరీ విద్వాంసులు తలలూపారు. 2014లో అతను పోయేనాటికి మాండలిన్‌ని పరాయి వాద్యమనేవాళ్ళు లేరు. కీబోర్డుకీ ఎడమచేతి పక్కన చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే స్వరం జారుతుంది. కానీ ఎంత జారాలో, ఎక్కడ ఆగాలో చక్రానికి తెలియదు. అది పదేళ్ళు సాధకం చేసిన చెవికే తెలుస్తుంది.

మన ఆడవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. అంతమంది మగవాళ్ళని ఓ హాల్లో కూర్చోబెట్టి సంగీతం నడపడం ఆడదానికి సామాన్యమైన పనా? అయినా కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారికి చెల్లెలి వరసైన ఎం.ఎం.శ్రీలేఖ చిన్న వయసులోనే 1995లో 'తాజ్‌మహల్'కి సంగీతం చేసి నిలబడింది. ఈనాడు ఏ అమలాపురం పిల్లకైనా పడగ్గదిలో ఓ కీబోర్డుంటే చాలు, వాద్యబృందమంతా చేతికిందే ఉంటుంది. అర్ధరాత్రి చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టుకుని పాట కట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక్కటే నా మనవి. అమ్మాయికి కీబోర్డు కొనండి, తప్పకుండా కొనండి. దాంతోపాటు ఒకసారి గుళ్ళో సన్నాయి మేళం ముందు కూర్చోబెట్టండి. ఊదేవాడి మెడనరం ఎలా ఉబ్బుతుందో, ఊపిరి ఎక్కడ ఆపి ఎక్కడ అందుకుంటాడో దగ్గర్నుంచి చూడనివ్వండి. అది చూసిన పిల్ల వేలు మెట్టు మీద వేరుగా పడుతుంది.