కొన్ని సెకన్ల నవ్వు, ఒక దౌత్య సంక్షోభం

1987 ఫిబ్రవరి 15న పశ్చిమ జర్మనీ టెలివిజన్‌లో కొన్ని సెకన్ల హాస్య దృశ్యం ప్రసారమైంది. ఏఆర్‌డీ వార్తా ప్రసారం 'టాగెస్‌షౌ'ను అనుకరిస్తూ, డచ్ హాస్యనటుడు రూడీ కారెల్ 1981 నుంచి నడుపుతున్న 'రూడీస్ టాగెస్‌షో' దానికి వేదిక. అసలు వార్తాచిత్రాలను కత్తిరించి, కొత్త వరుసలో అతికించి నవ్వించడం దాని పద్ధతి. ఇరాన్ విప్లవ 8వ వార్షికోత్సవ సందర్భాన, ఆయతుల్లా ఖొమేనీపై స్త్రీలు లోదుస్తులు విసురుతున్నట్టు అందులో చూపారు.

టెహ్రాన్ ఆగ్రహించింది. ఇద్దరు జర్మన్ దౌత్యవేత్తలను బహిష్కరించింది. గోథే ఇన్‌స్టిట్యూట్‌ను మూయించింది. కారెల్ క్షమాపణ చెప్పారు. ఏఆర్‌డీ ప్రభుత్వ శాఖ కాదు. వీక్షకుల రుసుముతో నడిచే స్వతంత్ర సంస్థ. అయినా దాని పరిహాసానికి మూల్యం చెల్లించింది బాన్ ప్రభుత్వమే. టెలివిజన్‌ను రాజ్యవాణిగా మాత్రమే ఎరిగిన పాలకులకు ఆ భేదం పట్టదు.

రెండేళ్లకు, 1989 ఫిబ్రవరి 14న, సల్మాన్ రష్దీపై ఖొమేనీ ఫత్వా వెలువడింది. రష్దీ నవల దిగుమతిని భారత ప్రభుత్వం 1988లోనే నిషేధించింది. రష్దీ కూడా విచారం వ్యక్తం చేశారు. ఈసారి దండన దౌత్యవేత్తలకు కాదు, రచయిత ప్రాణానికి. ఆ విచారాన్ని ఖొమేనీ అంగీకరించలేదు.