ఆల్బర్స్, జోసెఫ్ (1888–1976)

జర్మనీ దేశమున వెస్ట్‌ఫాలియా ప్రాంతమందలి బొట్రోప్ పట్టణమునందు 1888 మార్చి 19వ తేదీన జన్మించిన జోసెఫ్ ఆల్బర్స్ చిత్రకారుడుగా లోకవిఖ్యాతుడయ్యును, ఆయన జీవితమున అధికభాగము గడచినది తరగతి గదులలోనే. రూపకల్పనను జన్మసిద్ధ ప్రతిభకు విడిచిపెట్టక, కన్నులకు గరపవలసిన శిక్షణగా బోధింపవచ్చునని మూడు విద్యాలయములలో వరుసగా నిరూపించినవాడగుటచే ఆధునిక కళావిద్యా చరిత్రయందు ఆయనకు విశిష్టస్థానము కలదు.

ఇండ్లకు రంగులు వేయు తండ్రివద్ద చేతిపనులు నేర్చి, కొన్నియేండ్లు ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండి, 1920లో, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, వైమార్ నగరమందలి కళావిద్యాలయమగు బౌహౌస్‌లో మరల విద్యార్థిగా చేరెను; కొలది యేండ్లకే అచ్చటి ప్రవేశ తరగతికి బోధకుడయ్యెను. వార్తాపత్రికలను పంచిపెట్టి, కాగితము వ్యర్థము గాకుండ, దాని స్వభావమునకు భంగము రాకుండ ఏదేని నిర్మింపుడని చెప్పి, కోటలును విమానములును చేసినవారిని కాదని, కేవలము నిలువున మడిచి కాగితమును తన కాళ్లపై నిలబెట్టినవానిని మెచ్చుకొనెనని శిష్యులు స్మరించుచుండిరి. పదార్థమునకు గల శక్తిని దానిచేతనే పలికించుట ఆయన బోధనకు ప్రాణము.

నాజీల నిర్బంధమునకు లోనై 1933లో బౌహౌస్ మూతపడగా, భార్యయు నేతకళాకోవిదురాలును అగు ఆన్నీతో గూడ అమెరికాకు వలసపోయి, ఇంగ్లీషు అంతగా రాకున్నను, నార్త్ కరోలినా రాష్ట్రమందలి బ్లాక్ మౌంటెన్ కళాశాలలో 1949 వరకు బోధించెను. అధ్యాపకులే పాలకులైన ఆ చిన్న విద్యాలయమున పాలనాభారమును సైతము ఆయన వహించెను. వర్ణవివక్ష శాసనబద్ధమై యున్న ఆ దక్షిణ రాష్ట్రమున 1946 వేసవి తరగతులకు నల్లజాతి చిత్రకారుడగు జేకబ్ లారెన్స్‌ను బోధకుడుగా ఆహ్వానించుట ఆయన చేసిన విద్యాసేవలో అగ్రగణ్యము. ఆయన చిత్రములకంటె దీనిని ముందు చెప్పుకొనుట న్యాయము. రాబర్ట్ రాషెన్‌బర్గ్, రూత్ అసావా ఆ కళాశాలలో ఆయన శిష్యులు.

1950లో యేల్ విశ్వవిద్యాలయపు రూపకల్పన శాఖకు అధ్యక్షుడై, 1958 వరకు దానిని నడిపెను. ఆయన హయాముననే, 1951లో, ఆల్విన్ ఐజెన్‌మన్ నేతృత్వమున గ్రాఫిక్ రూపకల్పనయందు స్నాతకోత్తర విద్య అచ్చట ఆరంభమయ్యెను.

1963లో వెలువడిన 'ఇంటరాక్షన్ ఆఫ్ కలర్' అను ఆయన గ్రంథము, ఒకే వర్ణము వేర్వేరు నేపథ్యములపై రెండు వర్ణములుగా తోచుట మొదలగు విషయములను, ముందు ప్రయోగము, పిదప సిద్ధాంతము అను క్రమమున వివరించును. రంగుకాగితములతో విద్యార్థులు చేసిన అభ్యాసములే అందలి పటములలో అనేకములకు మూలము. 1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియము ఆయన చిత్రములను ప్రదర్శించెను; జీవించియున్న కళాకారునికి ఒక్కనికే ప్రత్యేకించి అంతటి సమగ్ర ప్రదర్శనమును ఆ సంస్థ ఏర్పరచుట అదియే ప్రథమము. ఆల్బర్స్ 1976 మార్చి 25న న్యూ హేవెన్‌లో మరణించెను.