పట్టా–ముచ్చలిక: జమీందారీ రైతుల తగవులలో రాతకోతల పాత్ర

'కౌలు' అన్న మాటకు అరబ్బీలో మూలార్థం 'పలుకు', 'ఇచ్చిన మాట'. తెలుగు నేలపై అది భూమి ఒప్పందానికి పేరయింది. అయితే మాటపై నడిచిన కౌలుకూ, కాగితంపై నిలిచిన కౌలుకూ న్యాయస్థానంలో దక్కిన విలువ ఒకటి కాదు. కోస్తాంధ్ర జమీందారీలలో రైతుకూ భూస్వామికీ నడిచిన తగవుల చరిత్రను ఈ భేదం నుండే చదవవలసి ఉంటుంది.

1802లో మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషను ద్వారా జమీందారు చెల్లించవలసిన పేష్కషును శాశ్వతంగా నిర్ణయించింది. రైతు చెల్లించవలసిన శిస్తుకు అటువంటి హద్దు ఏర్పడలేదు. దానికి బదులుగా అదే సంవత్సరపు 30వ రెగ్యులేషను పట్టా ఇవ్వడాన్ని విధిగా చేసింది. జమీందారు ఇచ్చేది పట్టా, దానికి ఒప్పుకొని రైతు రాసి ఇచ్చేది ముచ్చలిక. 1865 నాటి 8వ చట్టం ప్రకారం ఈ పత్రాలు మార్చుకోవడమో, భూస్వామి తగిన పట్టా ఇవ్వజూపడమో జరగనిదే శిస్తు బాకీకి దావా చెల్లదు. పైకి ఇది రైతుకు రక్షణ. కాని పట్టాలో కొత్త రేటో, కొత్త షరతో చేరితే ముచ్చలికపై చేసే నిశాని ఒప్పుకోలుగా మారే ప్రమాదం ఉంది. అందువల్ల సంతకానికి నిరాకరించడమే రైతు చేతి ఆయుధమయింది. తగవు కలెక్టరు ముందుకు వెళ్లేది. 'తగిన పట్టా' ఏదన్నదే అక్కడ విచారణాంశం.

ఆసరా పద్ధతిలో పంటను పాలుగా పంచుకునేచోట చిక్కు మరింత లోతైనది. అంచనా వేయడానికి జమీందారు మనుషులు వచ్చేవరకు కళ్ళంలోని కుప్ప కదలకూడదు. వారు ఆలస్యం చేస్తే వానకు తడిసేది రైతు గింజ కూడా. ఇక్కడ జాప్యమే ఒత్తిడి సాధనం; దానికి ఏ పత్రమూ సాక్ష్యం పలకదు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఇటువంటి సందర్భంలో అంచనాకు గాని, పంపకానికి గాని అధికారిని పంపమని కలెక్టరును కోరే వీలు కల్పించింది. ధాన్యపు శిస్తును రొక్కంగా మార్పించుకునే హక్కునూ ఇచ్చింది. అంతకుముందు 1897లోనే వెంకటనరసింహ నాయుడు, దండమూడి కోటయ్యల వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు జమీందారీ రైతు హక్కు జమీందారు దయతో పుట్టినది కాదని తేల్చింది. చట్టం ఆ తీర్పు బాటలోనే నడిచింది.

అయితే 1908 చట్టం 'రైతు'గా గుర్తించినది జమీందారుకు నేరుగా శిస్తు కట్టే జిరాయితీదారునే. అతని వద్ద నోటిమాటపై పొలం చేసిన కౌలుదారుకు ఆ చట్టంలో సాగుహక్కు లేదు. జమీందారీ వ్యతిరేకోద్యమ చరిత్రలు సాధారణంగా ఈ అంచును తాకకుండా సాగిపోతాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కూడా జమీందారును తొలగించి ప్రధానంగా పట్టాదారునే నిలిపింది. కౌలుదారు విషయం ఆంధ్రలో 1956 నాటి కౌలుదారీ చట్టం వరకు ఆగింది. అప్పటికీ నోటి కౌలు రుజువు చేసుకోవలసిన భారం సాగుదారుపైనే మిగిలింది.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగుదారునికి భూయజమాని సంతకంతో పని లేకుండా రుణార్హత కార్డు ఇచ్చే చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం దాని స్థానంలోకి వచ్చి, పదకొండు నెలల ఒప్పందంపై యజమాని సంతకాన్ని తిరిగి తప్పనిసరి చేసింది. ముచ్చలికపై రైతు సంతకం కోసం సాగిన తగవు ఇప్పుడు యజమాని సంతకం కోసం సాగుతున్నది.