పాత యంత్రానికి చరిత్రే ప్రాణం: వాడిన జైరోప్లేన్ కొనుగోలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• జైరోప్లేన్ పుట్టుకను, కిట్ల వ్యాప్తిని వివరించగలుగుతారు.
• వాడిన లేదా సగం కట్టిన యంత్రాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

విశాఖపట్నం జిల్లా చోడవరం (2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది) చెరకు పండే ప్రాంతం. నా చిన్నతనంలో మా నాన్నగారు గానుగ కోసం పాత ఆయిల్ ఇంజను కొన్నారు. పైన కొత్త రంగు, కింద బ్లాకుకు పగులు. గానుగ ఆడే రోజుల్లో అది ఆగిపోయి, తీసిన రసమంతా పులిసిపోయింది. ఆ నష్టం బెల్లంతో సరిపోయింది. అదే ఇంజను మనిషిని గాలిలో మోస్తుంటే ఏమై ఉండేదో ఆలోచించండి. పాత యంత్రాన్ని కొనేవాడు ముందుగా దాని చరిత్రను చదవాలి. చరిత్ర విద్యార్థులైన మీకు ఆ పద్ధతి కొత్తది కాదు.

2. జైరోప్లేన్ పుట్టుక

హెలికాప్టర్‌లో పై రెక్కలను, అంటే రోటర్‌ను, ఇంజనే తిప్పుతుంది. జైరోప్లేన్‌లో ఇంజను ప్రొపెల్లర్‌ను తిప్పి యంత్రాన్ని ముందుకు నడుపుతుంది. అప్పుడు కింది నుంచి పైకి పోయే గాలికి రోటర్ తనంతట తానే తిరుగుతుంది. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తయారుచేసిన విమానం ఒకటి 1919లో వేగం తగ్గి కూలిపోయింది. వేగం తగ్గినా కూలని యంత్రం కోసం ఆయన శ్రమించి, 1923లో ఆటోజైరోను విజయవంతంగా ఎగిరించారు. 1928లో ఆయన యంత్రం ఇంగ్లిష్ చానల్‌ను దాటింది.

3. కిట్ల కాలం

అమెరికాలో ఇగోర్ బెన్సెన్ 1955లో ఇంజనుతో నడిచే చిన్న జైరోకాప్టర్‌ను ఎగిరించారు. తరవాత దాని నమూనా పటాలను, విడిభాగాల కిట్లను సామాన్యులకు అమ్మారు. వీటిలో చాలావాటికి వాడిన 72 అశ్వశక్తి మెక్‌కల్లక్ ఇంజను, సైనికుల గురి సాధనకు వాడే డ్రోన్ల కోసం తయారైనది. అంటే పుట్టుకలోనే ఈ యంత్రానికి పాత సరుకుతో చుట్టరికం ఉంది. పని మొదలుపెట్టిన వారందరూ పూర్తి చేయలేదు. డబ్బు చాలకో, తీరిక లేకో ఆగిపోయిన సగం యంత్రాలు చేతులు మారాయి.

4. బేగంపేట అనుభవం

పాత విమానాల కొనుగోలు మన ప్రాంతానికి కొత్త కాదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి హైదరాబాదులో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్, యుద్ధానంతరం మిగిలిన డకోటా విమానాలను నడిపింది. 1953 జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. డకోటాలు కర్మాగారంలో ఒకే నమూనాకు తయారైనవి. ఒకదాని లోపం తెలిస్తే మిగిలినవాటినీ సరిచూడవచ్చు. ఇంట్లో కట్టిన జైరోప్లేన్ అలా కాదు. ప్రతి బోల్టు వెనుక ఒకే మనిషి చెయ్యి ఉంటుంది. ఆ మనిషి ఏం చేశాడో రాసి ఉంచకపోతే, తెలుసుకునే దారి దాదాపు లేదు.

5. పరిశీలన పద్ధతి

శాసనాన్ని పరిశీలించినట్టే ఈ ప్రశ్నలు వేయండి.

(అ) కట్టినవారెవరు? నిర్మాణ పుస్తకం, ఫొటోలు, రసీదులు ఉన్నాయా? అమెరికా నిబంధన ప్రకారం నిర్మాణంలో సగానికి మించిన పని ఔత్సాహికులే చేయాలి. సగం కట్టిన కిట్ కొన్నవారు పాత యజమాని చేసిన పనికి కూడా రుజువు చూపాలి.

(ఆ) రోటర్ రెక్కలు ఎన్ని గంటలు తిరిగాయి? ఎప్పుడైనా నేలకు తగిలాయా? లోహం అలసట కంటికి కనిపించదు.

(ఇ) ప్రొపెల్లర్ తోపు రేఖ, యంత్రం గరిమనాభికి ఎంత పైన ఉంది? ముక్కును ఒక్కసారిగా కిందికి నెడితే రోటర్ మీద బరువు తగ్గుతుంది. తోపు రేఖ బాగా పైన ఉంటే యంత్రం ముందుకు పల్టీ కొడుతుంది. దాని నుంచి కోలుకోవడం దాదాపు అసాధ్యం. పాత నమూనాలు అనేకమందిని బలిగొన్నది ఇలాగే.

(ఈ) చెప్పిన మాట, కాగితం, యంత్రం ఈ మూడూ ఏకీభవిస్తున్నాయా? ఏకీభవించకపోతే యంత్రాన్నే నమ్మండి. అమ్మకందారుతో సంబంధం లేని అనుభవజ్ఞుడికి చూపించండి.

(ఉ) మన దేశంలో ఎగరాలంటే డి.జి.సి.ఎ. వద్ద నమోదు, అనుమతి ఉండాలి. బయానా ఇవ్వకముందే వీటిని విచారించండి.

6. సారాంశం

వాడిన యంత్రం ధరలో ఇనుము విలువతో పాటు నమ్మకం విలువ కూడా ఉంటుంది. ఆ నమ్మకానికి ఆధారం రాతపూర్వక చరిత్రే. చరిత్ర దొరకని యంత్రం ఎంత చౌకగా వచ్చినా, విడిభాగాల కింద లెక్కకట్టాలే తప్ప ఎగిరే వాహనంగా లెక్కకట్టకూడదు. మా నాన్నగారు ఆ ఇంజను పాత యజమానిని వెతికి నాలుగు మాటలు అడిగి ఉంటే, ఆ ఏడాది మా రసం పులిసేది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డకోటా కొనుగోలుకు, కిట్ జైరోప్లేన్ కొనుగోలుకు గల తేడాను వివరించండి.
2. మీ ఊళ్లోని ఒక పాత యంత్రం చరిత్రను దాని యజమానిని, మెకానిక్‌ను అడిగి ఒక పేజీలో రాయండి. వారి మాటలు ఎక్కడ కలవలేదో గుర్తించండి.