యూజర్లు లేని యూఎస్ఆర్

లినక్స్‌లో సోర్సు నుంచి ప్రోగ్రాములు కట్టుకున్నవాళ్ళకి "కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్" మంత్రం కంఠతా వచ్చే ఉంటుంది. మూడో ముక్క కొట్టగానే ఫైళ్ళన్నీ వెళ్ళి /యూఎస్ఆర్/లోకల్‌లో కూర్చుంటాయి. మనల్నెవరూ అడగరు. ఇంతకీ అక్కడికే ఎందుకు?

యూఎస్ఆర్ అంటే "యూనిక్స్ సిస్టం రిసోర్సెస్" అని కొందరంటారు గానీ, అది తర్వాత అతికించిన అర్థం. మొదట్లో అది అచ్చంగా యూజరే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల కాలంలో యూజర్ల డైరెక్టరీలు అందులోనే ఉండేవి. 1974లో వాళ్ళిద్దరూ అచ్చువేసిన వ్యాసంలో లెక్క చూడండి: రూట్ డైరెక్టరీ ఉన్న డిస్కు 1 మెగాబైటు, యూజర్ల ఫైళ్ళున్న పెద్ద డిస్కు 40 మెగాబైట్లు. ఇవాళ ఫోనులో తీసిన ఒక మామూలు ఫొటో ఆ మొదటి డిస్కులో పట్టడం కష్టం.

గాదె నిండితే వడ్లబస్తాలు వసారాలోకి చేరినట్టు, /బిన్‌లో పట్టని ప్రోగ్రాములు /యూఎస్ఆర్/బిన్‌లోకి చేరాయి. /బిన్‌ని చిన్నగా ఉంచడానికే అని 1979 నాటి ఏడో ఎడిషన్ మాన్యువల్ కూడా చెప్తుంది. తర్వాత్తర్వాత యూజర్లు /హోమ్‌కి మకాం మార్చేశారు. వసారాకి పేరు మాత్రం మిగిలింది.

/లోకల్ సంగతి వేరు. సిస్టంతో వచ్చినవీ, మనం సొంతంగా వేసుకున్నవీ ఒకేచోట కలిస్తే, అప్‌గ్రేడ్ చేసిన రోజున మనవి తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ రెంటి మధ్య పొలం గట్టు లాంటిది /లోకల్. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ దాన్నే డీఫాల్ట్ చేసింది. పైగా "ప్రిఫిక్స్" అని ఒక ఆప్షనూ ఇచ్చింది. రూట్ పాస్‌వర్డ్ లేని విద్యార్థి కూడా కాలేజీ సర్వర్లో, తన హోమ్ డైరెక్టరీలోనే ప్రోగ్రాము వేసుకోగలిగాడంటే ఆ చిన్న ఆప్షన్ చలవే.

డిస్కు చాలక పుట్టిన గోడని ఫెడోరా 17 2012లో కూల్చి, /బిన్‌ని /యూఎస్ఆర్/బిన్‌లో కలిపేసింది. డెబియన్‌లో 2023లో వచ్చిన 12వ వెర్షన్‌కి గానీ అది తప్పనిసరి కాలేదు. డిస్కులు పెరిగాక కూడా ఆ గోడని దశాబ్దాలపాటు మోశామన్నమాట. /లోకల్ గట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఏది ఎవరిదన్న ప్రశ్న ఇంకా ఉంది కాబట్టి.

బిల్డ్ టూల్‌లో డీఫాల్ట్ డైరెక్టరీ రాసేవాళ్ళు ముక్కూమొహం తెలియని ఎందరి తరఫునో నిర్ణయం తీసుకుంటున్నారు. అది ఇవాళ్టి ఇరుకు కోసమా, రేపూ ఉండే అవసరం కోసమా అని ఒక్కసారి చూసుకోవాలి. ఎటూ తేలకపోతే, కనీసం మార్చుకునే దారైనా వదలాలి.