నల్లని బొగ్గు, తెల్లని యూరియా

తెలుగు పండితునికి రసాయన శాస్త్రంతో పనియేమని నవ్వుకోకండి. ఒక పాత బాకీ తీర్చుకొనడానికే ఈ టపా.

1980లలో కోరుట్లలో పనిచేస్తుండగా, సైన్సు సారు సెలవు పెట్టిన ఒకనాడు ఆ తరగతికి నేను వెళ్ళవలసి వచ్చింది. వెనుక వరుస నుండి ఒక రైతుబిడ్డ లేచి, "సార్, రామగుండంల బొగ్గుతోని యూరియా చేస్తరట. నల్లటి బొగ్గుల నుంచి తెల్లటి యూరియా ఎట్లొస్తది?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనక, "ముందు పద్యం అప్పజెప్పు" అని కసిరాను. వాడు తల వంచుకొని కూర్చున్నాడు.

ఆనాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, రామగుండం అన్నీ ఒకే కరీంనగర్ జిల్లా. రామగుండం ఎరువుల కర్మాగారంలో 1980లో ఉత్పత్తి మొదలైంది. బొగ్గుపొడిని ఆక్సిజన్‌తో, నీటి ఆవిరితో కలిపి అత్యధిక ఉష్ణోగ్రతలో వాయువుగా మార్చేవారు. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌ల ఆ మిశ్రమమే సింగ్యాస్. ఆ హైడ్రోజన్ గాలిలోని నత్రజనితో కలిసి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడు కలిసి యూరియా అవుతాయి. నలుపు తెలుపైన కథ ఇంతే.

విద్యుత్తు ఇబ్బందులు, నష్టాల నడుమ ఆ కర్మాగారం 1999లో మూతపడింది. అదే స్థలంలో కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. ఇక్కడ బొగ్గు లేదు. సహజవాయువులోని మీథేన్‌ను ఆవిరితో విడదీస్తారు.

ఆవిరికి బదులు కార్బన్ డయాక్సైడునే వాడవచ్చునా? 1928లోనే జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనే శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించారు. రెండు హరితగృహ వాయువులు ఒకేసారి ఖర్చయి సింగ్యాస్ వస్తుంది. చిక్కంతా ఉత్ప్రేరకంతోనే. నికెల్ చౌకే కాని, దాని మీద మసి పేరుకొని పని మందగిస్తుంది. గంధకం తగిలినా చెడుతుంది. అందుకే పరిశోధకులు కర్బనాన్నే ఉత్ప్రేరకంగా పరీక్షిస్తున్నారు. ఉత్తేజిత కర్బనం, బొగ్గు నుండి వచ్చిన చార్ గంధకాన్ని బాగా ఓర్చుకుంటాయి. అయితే 800 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి.

సిరిసిల్ల మగ్గం నూలును బట్టగా మారుస్తుంది, తాను మాత్రం మగ్గంగానే మిగులుతుంది. ఉత్ప్రేరక లక్షణమదే. కర్బనం తీరు వేరు. మీథేన్ వదలిన మసి దాని రంధ్రాలను పూడుస్తుంది. కార్బన్ డయాక్సైడు ఆ మసితోపాటు కర్బనాన్నీ కొద్దికొద్దిగా తినివేస్తుంది. మగ్గమే కొంత నూలై బట్టలో కలిసిపోయినట్లు! పూడిక, తినివేత సమతూకంలో నిలిస్తేనే అది చిరకాలం పనిచేస్తుంది. ఆ తూకం కోసమే ఇంత పరిశోధన.

బయోగ్యాస్‌లో ఈ రెండు వాయువులూ సహజంగానే ఉంటాయి. వరి ఊక నుండి చార్ చేయవచ్చు. జగిత్యాల పొలాలకు ఈ రెండూ కొత్తవి కావు.

నాయనా, జవాబు ఆలస్యమైంది. నీవడిగిన ప్రశ్న మంచిది. కసిరిన నేనే పాఠం అప్పజెప్పలేకపోయాను. ఇందులో పొరపాట్లుంటే విజ్ఞులు సవరింపగలరు. ఈసారి కసరను.