డిప్లొమసీ: పత్రం నుంచి దౌత్యానికి

తెలుగులో 'దౌత్యం' దూత నుంచి పుట్టింది. అరబ్బీలో 'సఫీర్' అంటే ఇరుపక్షాల నడుమ సయోధ్య కుదిర్చేవాడు. ఉర్దూ వారి 'సిఫారత్' అందులోనిదే. ఈ మాటలు మనిషిని చూపుతాయి. ఫ్రెంచి ద్వారా ప్రపంచమంతా వ్యాపించిన 'డిప్లొమసీ' మాత్రం పత్రాన్ని చూపుతుంది.

గ్రీకులో 'డిప్లొమా' అంటే రెండుగా మడిచినది. రోమను ప్రభుత్వం ప్రయాణాలకిచ్చే అనుమతి పత్రాలకు ఆ పేరుండేది. 1681లో ఫ్రెంచి మతాచార్యుడు మబియోన్ ప్రాచీన పత్రాల నిజానిజాలను తేల్చే పద్ధతిపై రాసిన లాటిన్ గ్రంథం పేరులోనూ ఈ మాట పత్రాలకు సంబంధించినదే. ఒడంబడికల సంపుటాలకు కూడా ఇదే విశేషణం వాడారు. 18వ శతాబ్దిలో అది పత్రాల నుంచి, వాటిని నడిపే రాయబారులకు సంక్రమించింది.

ఆ తొలి అర్థానికి మళ్ళీ విలువ తెచ్చినవారిలో హైదరాబాదు విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) ముఖ్యులు. తార్నాక పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన, 1935లో పారిస్‌లోని సోర్బోన్‌లో ముస్లిం దౌత్యంపై డాక్టరేటు పొందారు. దైవప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ కాలపు లేఖలను, ఒడంబడికలను సేకరించి పరిశీలించారు. వాటి అరబ్బీ మూలపాఠాలు 1941లో కైరోలో వెలువడ్డాయి. ఉస్మానియాకు తిరిగివచ్చి అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. ఈ అధ్యయనానికి హైదరాబాదులో పునాది ముందే ఉంది. యుద్ధం, సంధి, అభయదానాల గురించిన ఇమామ్ షైబానీ గ్రంథానికి సరఖ్సీ వ్యాఖ్యానాన్ని నేడు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది.

హిజ్రీ 6వ సంవత్సరపు (క్రీ.శ. 628) హుదైబియా సంధి ఇక్కడ గమనించదగినది. పత్రంలో 'రసూలుల్లాహ్' అన్న బిరుదును ఖురైష్ ప్రతినిధి సుహైల్ అంగీకరించలేదు. దైవప్రవక్త (స) 'ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్' అని రాయించారు. బిరుదును వదులుకోవడం అనుచరులకు కష్టమనిపించింది. కాని సంధి నిలిచింది.

1948లో హైదరాబాదు ప్రతినిధి వర్గంతో హమీదుల్లా ఐక్యరాజ్యసమితికి వెళ్ళారు. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదును చేపట్టింది. అసలు హైదరాబాదుకు రాజ్యహోదా ఉందా, ఫిర్యాదు చేసే అర్హత ఉందా అన్నదే భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ లేవదీసిన ప్రశ్న. మరునాడే నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి పంపాడు. హుదైబియాలో బిరుదు పోయినా పత్రం నిలిచింది. పారిస్‌లో హోదా దగ్గరే పత్రం ఆగిపోయింది.

హమీదుల్లా పారిస్‌లోనే స్థిరపడ్డారు. ఏ భాషలో దౌత్యాన్ని చర్చించారో ఆ ఫ్రెంచిలోకే 1959లో దివ్య ఖుర్‌ఆన్‌ను అనువదించారు. ఆయన చదివిన ఆవరణ పక్కనే, తార్నాకలో, 1958లో వెలసిన ఆంగ్ల సంస్థ 2007లో విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. అక్కడ నేడు ఫ్రెంచి, అరబ్బీ రెండూ బోధిస్తున్నారు. 'సఫీర్' నుంచి సయోధ్యను, 'డిప్లొమసీ' నుంచి పత్రాన్ని గ్రహించిన విద్యార్థికి దౌత్యం పూర్తిగా అర్థమవుతుంది: మాటిచ్చే మనిషీ కావాలి, ఆ మాటను నిలిపే పత్రమూ కావాలి, ఆ రెంటినీ గుర్తించే ఎదుటిపక్షమూ కావాలి.